తాత పక్క సీట్లో ఉంటే ఏ పాట?

ప్రశ్న: మా తాతకు 84 ఏళ్లు. నెలకోసారి కండ్లు చూపించడానికి పరకాల నుంచి హైదరాబాద్‌కు నేనే కారులో తీసుకుపోతాను. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. ఏ పాట పెట్టినా "బంద్ చెయ్ బిడ్డా, సిగ్గు శరం లేని పాటలు" అంటాడు. సరే అని దేవుడి పాటలు పెడితే "కాళ్లకు చెప్పులుండంగ దేవుని పాటేంది" అని అవీ ఆపించాడు. పాట లేకుంటే నాకు రోడ్డు తెగదు. ఇద్దరం కలిసి వినేది ఏమన్నా ఉంటుందా?
– ఒక మనవరాలు, పరకాల

జవాబు: ఉంటుంది బిడ్డా. చెప్పుల మాట చదివి నవ్వుకున్నాను గానీ, మీ తాత అన్నదాంట్లో తప్పు లేదు. దేవుడి పాటను పనిలో పనిగా వినొద్దనేది ఆయన పద్ధతి. ఆ భక్తి పాటలు పక్కన పెట్టు. అందులో ఘంటసాల భగవద్గీత ఉంటే అసలే ముట్టుకోకు. ఆ మహానుభావుడు ప్రాణం పెట్టి పాడాడు, మనవాళ్లు తీసుకుపోయి చావింటి మైకుకు అంటగట్టారు. 84 ఏళ్ల మనిషిని దవాఖానకు తీసుకుపోతూ అది పెడితే ఏమనుకుంటాడో నేను చెప్పక్కర్లేదు.

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో 22 ఏళ్లు క్యాసెట్ల దుకాణం నడిపాను. పెద్దమనుషుల బేరం ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే, కాలేజీ పిల్లలు లేని వేళ. ములుగు వైపు నుంచి ఒకాయన వచ్చేవాడు, తెల్ల ధోతి, తలకు రుమాలు. రామదాసు కీర్తనల క్యాసెట్ ఒకటి కొని సంచిలో పైకి కనపడేలా పెట్టుకునేవాడు. ఆ తర్వాత పాత హిందీ సినిమా పాటల కోసం గొంతు తగ్గించి, "పాతదుంటది సూడు, సైగల్‌ది... కాయిదంల చుట్టియ్యి" అనేవాడు. చుట్టి ఇచ్చేవాణ్ని. ఇంట్లో మనవలకు ఆయన కూడా 'బంద్ చెయ్' తాతే అయి ఉంటాడు.

మా బాపు ఇంకో రకం. సినిమా పాట వచ్చిందంటే రేడియో చెవి మెలిపెట్టి ఆపేవాడు. ఒకరోజు దుకాణంలో కూర్చుని లెక్కల పుస్తకం చూస్తున్నాడు. నేను ఎవరిదో పాత క్యాసెట్, హిందీ సినిమా గాయకుడు తలత్ మహమూద్‌ది, సరిగ్గా తిరుగుతుందా లేదా అని వేసి చూస్తున్నాను. మొదటి చరణం సగంలో టేపు చుట్టుకుపోయింది. మిగతా సగం మా బాపు పూర్తిచేశాడు, తల ఎత్తకుండా, తప్పు లేని ఉర్దూలో. నేను నోరు తెరిచేలోపే "గల్లాపెట్టె తాళంచెవి ఏడవెట్టినవ్‌రా?" అన్నాడు. మళ్లీ ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు. అడగాల్సింది.

నువ్వు అడుగు. మీ తాత పుట్టింది 1940ల మొదట్లో అన్నమాట. నిజాం రాజ్యం పోయేనాటికి, అంటే 1948లో, ఆయన అప్పుడప్పుడే బడిబాట పట్టే పిల్లగాడు. చుట్టూ ఉన్న పెద్దల చదువు ఉర్దూలోనే. 1952 చివర్లో రేడియో సిలోన్‌లో హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలయ్యేసరికి ఆయనకు పదకొండో పన్నెండో. బుధవారం రాత్రి ఎనిమిదింటికి దాన్ని నడిపే అమీన్ సయానీ గొంతు కోసం రేడియో ఉన్న ఇంటి అరుగు మీద జనం కూర్చునే రోజులవి. పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకుంటే తప్ప రేడియో పెట్టుకోరాని కాలం కాబట్టి, ఊరికి ఒకటో రెండో ఉండేవి.

అందుకని ఈసారి ప్రయాణంలో పాటే పెట్టకు. హనుమకొండ దాటాక "తాతా, మీ ఊర్ల మొదలు రేడియో ఎవలింట్ల ఉండె?" అని అడిగి ఊరుకో. కాజీపేట వచ్చేసరికి ఎవరింట్లో ఉండెనో, ఎవరు ఎవరిని అరుగు దిగమన్నారో అంతా వస్తుంది. మధ్యలో పాడినాయన పేరో, ఒక ముక్కో రాలుతుంది. జనగామలో చాయ్‌కి ఆగినప్పుడు రాసిపెట్టుకో. వచ్చే నెల అవే పెట్టు, వాటిని పోలినవి కాదు. ఫోన్ మాత్రం బోర్లా పెట్టు. ఆయనకు గిట్టనిది చాలాసార్లు పాట కాదు, బొమ్మ. క్యాసెట్‌కు బొమ్మ లేదు కాబట్టే నా దుకాణానికి అంతమంది పెద్దలు వచ్చారు.

రేడియో వినలేదు, గీడియో వినలేదు అన్నాడనుకో. పద్యం ఉంది. స్టేషన్ ఘన్‌పూర్ దాటి జనగామ వైపు పోతుంటే పోతన ఊరు బమ్మెర నీకు ఎడమపక్కనే, పాలకుర్తి దారిలో ఉంటుంది. "అల వైకుంఠపురంబులో నగరిలో" అని అందుకుని, "మందార వనాంతర" దగ్గర కావాలని తడబడు. ఆ చోట అందరూ తడబడతారు, కాబట్టి దొంగతనం బయటపడదు. ఆ తరం మనిషి పద్యం సగంలో పడి ఉంటే చూస్తూ ఊరుకోలేడు. లేదంటే ధర్మపురి శేషప్ప నరసింహ శతకం. "భూషణవికాస శ్రీధర్మపుర నివాస" వరకు నువ్వు అంటే చాలు, "దుష్టసంహార నరసింహ దురితదూర" ఆయన అంటాడు. తన నోటితో వచ్చినప్పుడు చెప్పుల సంగతి ఆయనే చూసుకుంటాడు.

తిరుగు ప్రయాణం వేరు. కంట్లో మందు చుక్కలు వేసి పంపిస్తే కొన్ని గంటలు వెలుతురు పడదు, కళ్లు మూసుకునే ఉంటాడు. చెవి ఖాళీగా ఉండే వేళ అది. మీ ఇంట్లో మల్లన్నకు ముగ్గులతో పట్నం వేసే ఆనవాయితీ ఉంటే, డోలు కొట్టుకుంటూ మల్లన్న కథ చెప్పే ఒగ్గు కథ పెట్టు. జనగామ వైపు మాణిక్యాపురం మనిషి చుక్క సత్తయ్యది దొరికితే ఇంకేం కావాలి. పాటా మాటా కలిసి నడిచేది కాబట్టి గంటలు తెలియవు. డోలు మాత్రం కారులో దద్దరిల్లుతుంది, సౌండ్ సగానికి తగ్గించు.

నీ పాటల సంగతి అడగలేదు గానీ నీ మనసులో ఉన్నది అదే. మూడు నాలుగు నెలలు ఆగు. ఆ తర్వాత సినిమా పాటతోనే మొదలుపెట్టు, కాకపోతే పాటకన్నా ముందు రాసినాయన ఊరు చెప్పు. "చిన్నగూడూరు దాశరథి రాసిండు తాతా, నిజాం మీద రాసి జైలుకు పోయినాయన" అని చెప్పి, 'రంగులరాట్నం'లోని "నడిరేయి ఏ జాములో" పెట్టు. 1966 నాటిది. అది నిలబడితే ఆ వెనకాల నీది ఒకటి. "బంద్ చెయ్" అంటే వెంటనే ఆపెయ్, మొహం ముడుచుకోకు. ఎనిమిది గంటల్లో ఐదు నిమిషాలు నీకిచ్చినా మీ తాత దొడ్డ మనిషే.

ప్రశ్న: మా అత్తమ్మ, ఆమె అక్కచెల్లెళ్లు పాడుకున్న బతుకమ్మ పాటలు 14 క్యాసెట్లలో ఉన్నాయి. 30 ఏళ్లు దాటింది. ఫోన్‌లోకి ఎక్కించవచ్చా?
– ఒక కోడలు, కరీంనగర్

జవాబు: ఎక్కించవచ్చు. దొరికిందే చాలని టేప్‌రికార్డర్‌లో పెట్టి నొక్కకండి. ముందు క్యాసెట్ పైన మూలల్లో ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి, పొరపాటున రికార్డు మీట నొక్కినా పాట చెరిగిపోదు. టేపు అంచున తెల్లటి బూజు కనపడితే దాన్ని వేయొద్దు, పక్కన పెట్టండి. లేకుంటే ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి, ఏళ్లుగా అతుక్కున్న చుట్లు విడతాయి. టేపు మధ్యలో వెనక ఉండే చిన్న మెత్త ఊడిపోయి ఉంటే గొంతు మూటలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఊడని ఇంకో క్యాసెట్ డొక్కులోకి ఆ టేపు మార్చాలి, ఓపిక ఉన్న రిపేరు మనిషి చేస్తాడు.

ఆ తర్వాత ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి లాప్‌టాప్‌కు వైరు పెట్టి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, ఫోన్‌లోకి పంపుకోవడమే. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం. 60 నిమిషాల క్యాసెట్‌కు 60 నిమిషాలూ పడుతుంది, అడ్డదారి లేదు. రెండు క్యాసెట్లకోసారి టేప్‌రికార్డర్‌లో టేపు తగిలే హెడ్‌ను దూదితో, స్పిరిట్‌తో తుడవండి.

ఒక్క మాట. పాట అయిపోయిందని వెంటనే ఆపేయకండి, టేపు పూర్తయ్యేదాకా తిరగనివ్వండి. ఇంటి క్యాసెట్లలో చివర గాజుల చప్పుడు ఉంటుంది, "ఆగిందా, ఇంక తిరుగుతనే ఉందా?" అని ఎవరో అడుగుతుంటారు. అది కత్తిరించకండి.