పాలిచ్చేటప్పుడు మొదలైన రీల్స్ నాలుగింటి దాకా ఆగేవి కావు

“డెలివరీ అయి మూడు నెలలైంది, రాత్రుళ్లు పాపకి పాలిస్తూ ఫోన్ చూడటం మొదలుపెట్టి ఆపలేకపోతున్నాను, పొద్దున ఊరికే ఏడుపొస్తోంది, ఇది వ్యసనమేనా” అని మీరు అడిగారు. రెండేళ్ల కిందట నేనే అడిగినట్టుంది.

నాకు బాబు. మూడో నెల వెళ్లేదాకా తెనాలిలో అమ్మ దగ్గరున్నాను, తర్వాత హైదరాబాద్ వచ్చేశాం. మా వారిది నైట్ షిఫ్ట్. రాత్రి రెండింటికి వాడు లేస్తే ఫ్లాట్‌లో వాడూ నేనూ, అంతే. కునుకు పడితే బిడ్డ మీద ఒరిగిపోతానేమోనన్న భయంతో ఫోన్ తీసేదాన్ని. వాడు ఇరవై నిమిషాల్లో తాగి పడుకునేవాడు, నేను మాత్రం నాలుగింటి దాకా చూస్తూనే ఉండేదాన్ని.

మొదట్లో వంటలు, చీరలు. ఒక రాత్రి, నిద్రలోనే ఊపిరి ఆగిపోయిన పసిబిడ్డ గురించి ఒక తల్లి ఏడుస్తూ చెప్పే వీడియో వచ్చింది, చివరిదాకా చూశాను. మర్నాటి నుంచి అన్నీ అవే. జబ్బులు, బరువు పెరగని పిల్లలు, మధ్యమధ్యలో చక్కగా తల దువ్వుకుని నవ్వుతున్న తల్లులు. మనం దేని దగ్గర ఆగితే యాప్ అదే ఇంకా చూపిస్తుంది, భయపడి ఆగామా ఇష్టపడి ఆగామా అన్నది దానికి పట్టదు. రాత్రికి పది పదిహేనుసార్లు వాడి ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకునేదాన్ని. అమ్మ ఫోన్ చేస్తే మాత్రం బాగానే ఉన్నానని పెట్టేసేదాన్ని.

ఒకరోజు వాడు తాగుతూ తాగుతూ వదిలేసి తల తిప్పాడు. స్క్రీన్ వెలుగు రంగులు మారుతూ వాడి బుగ్గ మీద పడుతోంది, రెప్ప వేయకుండా దాన్నే చూస్తున్నాడు, మూతి పక్క నుంచి పాలు కారి మెడ కిందకి పోయాయి. నేను ఎంతసేపటి నుంచి వాడి మొహం చూడలేదో నాకే తెలీదు.

ఆ రాత్రే యాప్ తీసేశాను. నాలుగు రోజులకి మళ్లీ వేసుకున్నాను. మీరూ అలా చేసి ఉంటే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. సీరియల్‌కైనా ఆ రోజు భాగం అయిపోతుంది, దీనికి అడుగే ఉండదు. వేలితో తోసేకొద్దీ వస్తూనే ఉండే ఈ పద్ధతిని 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్ అనే ఆయనే తర్వాత దానికి బాధపడుతున్నట్టు బయటికి చెప్పాడు. నిద్ర లేని పచ్చి బాలింత మనసు గట్టి చేసుకుని దాన్ని గెలవాలనడం అన్యాయం.

టీకాకి వెళ్లినప్పుడు పిల్లల డాక్టరు గారు బాబు బరువు బాగుందని చెప్పి, నా వైపు చూసి “నువ్వెన్ని గంటలు పడుకుంటున్నావమ్మా” అన్నారు. అక్కడే ఏడ్చేశాను. ఆవిడే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు. నాకున్నది కాన్పు తర్వాత వచ్చే ఆందోళన అనీ, ఫోన్ దాన్ని పుట్టించలేదు గానీ రోజూ మేపిందనీ అక్కడ అర్థమైంది. అందుకే వ్యసనమా కాదా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు, ముందు ఆ ఏడుపు గురించి డాక్టరుకి చెప్పండి. కాన్పయిన రెండు వారాల తర్వాత కూడా దిగులు తగ్గకపోతే అది “బాలింతలకి మామూలే” అని వదిలేసేది కాదు. బయటికి వెళ్లడం కుదరకపోతే టెలీ మానస్ అని మానసిక ఆరోగ్యానికి ఫోన్ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, ఉచితం, అర్ధరాత్రైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మిమ్మల్ని గానీ పాపని గానీ ఏమైనా చేసుకోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇంట్లోవాళ్లని లేపి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఇక రాత్రుళ్లు. మా అక్క న్యూజెర్సీలో ఉంటుంది, వేసవిలో మనకి రెండున్నరంటే వాళ్లకి సాయంత్రం ఐదు, ఆఫీసు నుంచి కారులో ఇంటికొచ్చే టైం. నా ఫోన్ హాల్లో టీవీ పక్కన ఛార్జింగ్‌లో ఉండేది, పాలిచ్చేటప్పుడు తెచ్చి అక్కకి కలిపి, బోర్లా పెట్టి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునేదాన్ని. వాడు పడుకోగానే తనే “ఇక పెట్టేయ్, పడుకో” అనేది. ఫోన్ మళ్లీ హాల్లోకి. మధ్యలో తప్పిన రాత్రులున్నాయి, కుదురుకోవడానికి రెండు నెలలు పట్టింది.

మీ ఇంట్లో ఆ టైంలో ఎవరుంటారు? మీ వారు ఇంట్లోనే ఉంటే మొహమాటపడకుండా లేపండి, పాపకి త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని పడుకోబెట్టే పని ఆయనకివ్వండి, మీరు వెంటనే కళ్లు మూసుకోండి.