రిపోర్టులు బాగానే ఉన్నాయి, నీరసం తగ్గడం లేదు

ప్రశ్న: నా వయసు 39 ఏళ్లు. ఏడాదిగా ఒకటే నీరసం. ఎనిమిది గంటలు పడుకున్నా లేవగానే ఒళ్లు బరువుగా ఉంటుంది. బట్టల బకెట్‌తో మేడ ఎక్కుతుంటే సగం మెట్ల మీదే కూర్చుండిపోతున్నాను. హిమోగ్లోబిన్ 12.2 ఉంది; షుగర్, థైరాయిడ్ నార్మల్ అన్నారు. బలానికి నాలుగు ఇంజెక్షన్లు చేయించుకున్నా గుణం కనిపించలేదు. నెలసరి ఏడు రోజులు ఉంటుంది. గ్యాస్ కోసం రెండేళ్లుగా రోజూ పాంటోప్రజోల్ వేసుకుంటున్నాను. ఇదంతా నా అనుమానమేనని ఇంట్లో అంటున్నారు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు చివర్లో రాసిన రెండు సంగతుల దగ్గరే, అంటే ఏడు రోజుల నెలసరి, రెండేళ్ల గ్యాస్ మాత్రల దగ్గరే వెతకడం మొదలుపెట్టాలి. హిమోగ్లోబిన్ 12 దాటింది కనుక రక్తహీనత లేదనడం సరైనదే అయినా, శరీరంలో ఇనుము తగ్గేటప్పుడు ముందు నిల్వలు ఖాళీ అయి, ఆ తర్వాతే హిమోగ్లోబిన్ పడిపోతుంది. గాదె అడుగంటినా డబ్బాలో బియ్యంతో కొన్నాళ్లు వంట సాగుతుంది కదా. ఆ నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. అది 30 కంటే తక్కువగా ఉంటే నీరసానికి ఇనుము లోపమే కారణం కావచ్చు. జ్వరంగా ఉన్నప్పుడు ఈ అంకె పెరిగి కనిపిస్తుంది కాబట్టి ఆ రోజుల్లో ఈ పరీక్షకు రక్తం ఇవ్వవద్దు. నెలసరిలో గడ్డలు పడుతున్నా, గంట రెండు గంటలకే ప్యాడ్ మార్చవలసి వస్తున్నా గైనకాలజిస్టుకు చూపించుకోండి.

పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. దీర్ఘకాలం వాడితే ఇనుము, బీ12 ఒంటికి పట్టడం తగ్గవచ్చు. అయితే బలం ఇంజెక్షన్లలో చాలావాటిలో బీ12 ఉంటుంది కనుక, ఇప్పుడు పరీక్ష చేస్తే లోపం ఉన్నా అంకె బాగానే కనిపించే అవకాశం ఉంది. వాటి పేర్లు, తేదీలు డాక్టరుకు చెప్పండి. (ఏం ఇంజెక్షన్ చేశారో చీటీ మీద రాయించుకునే అలవాటు మనలో చాలామందికి లేదు.) గ్యాస్ మాత్రను ఒక్కసారిగా మానేస్తే మంట తిరగబెట్టవచ్చు, డాక్టరును అడిగి తగ్గించండి.

నిద్రలో గురక, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే తప్పక చెప్పండి. డిప్రెషన్ కూడా నీరసం తెస్తుంది. దాన్ని జబ్బుగానే పరీక్షించాలి తప్ప అనుమానమని కొట్టిపారేయకూడదు. ఇవేవీ తేలక, కాస్త శ్రమపడిన మర్నాడు మంచం దిగలేని స్థితి ఆరు నెలలకు మించి ఉంటే క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ గురించి ఆలోచించాలి. అప్పుడు బలవంతపు వ్యాయామం కీడే చేస్తుంది.

పరీక్షకు ముందే ఇనుము మాత్రలు మొదలుపెట్టకండి. డాక్టరు రాశాక మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. మలం నల్లగా వస్తుందని మాత్రం ఆపవద్దు, ఆ మాత్రలకు అది మామూలే.