సభ వేరు, పట్టా వేరు: కమ్యూనిటీ కాలేజీ గ్రాడ్యుయేషన్‌పై మీ ప్రశ్నలు

అమెరికాలో మే, జూన్ నెలలు కమ్యూనిటీ కాలేజీల (రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఇచ్చే స్థానిక కాలేజీల) గ్రాడ్యుయేషన్ సభల కాలం. ఈసారి మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వీటి గురించే. కాలిఫోర్నియా, టెక్సస్ నుంచి రాసినవాళ్లే ఎక్కువ కాబట్టి ఆ రాష్ట్రాల నిబంధనలతోనే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు పూర్తి చేస్తోంది. ఫాల్‌లో (వేసవి తర్వాతి టర్ములో) యూసీ డేవిస్‌కి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా డేవిస్ క్యాంపస్‌కి, ట్రాన్స్‌ఫర్ అవుతోంది. గ్రాడ్యుయేషన్‌కి పేరు ఇచ్చింది, గౌను కూడా తెచ్చుకుంది. ఇక డిగ్రీ దానంతట అదే వస్తుందా?
— ఒక తల్లి, ఫ్రీమాంట్

జవాబు: రాదనే అనుకుని నడుచుకోండి. సభకి పేరు ఇవ్వడం ఒక పని, డిగ్రీకి దరఖాస్తు పెట్టడం ఇంకో పని. సభ పనులు స్టూడెంట్ లైఫ్ వాళ్లు చూస్తారు. డిగ్రీ పని అడ్మిషన్స్ అండ్ రికార్డ్స్ ఆఫీసుది. మొదటి ఫారం నింపినంత మాత్రాన రెండో ఆఫీసుకి కబురు వెళ్లదు. కొన్ని కాలేజీలు అర్హత ఉన్నవాళ్లకి డిగ్రీ తామే ఇచ్చేస్తున్నాయి, కానీ మీ కాలేజీ అలా చేస్తుందని రాతపూర్వకంగా తెలిస్తే తప్ప దాన్ని నమ్ముకోకండి.

మీ అమ్మాయి స్టూడెంట్ పోర్టల్‌లో 'అప్లై ఫర్ గ్రాడ్యుయేషన్' అనో 'డిగ్రీ పిటిషన్' అనో ఉంటుంది. దానికి గడువు తరచుగా సభకి చాలా ముందే, ఒక్కోచోట ఫిబ్రవరి, మార్చిలోనే ముగుస్తుంది. గడువు దాటితే సభలో నడవనివ్వవచ్చు, కానీ డిగ్రీ తర్వాతి టర్ముకి జరుగుతుంది. సభా కరపత్రంలో పేరు కూడా పడకపోవచ్చు.

వేదిక మీద చేతికిచ్చే అట్ట ఫోల్డరు ఖాళీగా ఉంటుంది. సభ నాటికి చివరి టర్ము గ్రేడ్లు ఇంకా రావు. అవి వచ్చాక ఎవాల్యుయేటర్ ఒక్కో కోర్సూ సరిచూసి, ట్రాన్స్‌క్రిప్టు (కోర్సులు, గ్రేడ్ల అధికారిక రికార్డు) మీద డిగ్రీ పేరు, తేదీ వేస్తారు. డిప్లొమా పోస్టులో రావడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే పోర్టల్లో ఉన్న చిరునామా ఆగస్టుకి కూడా పనికొచ్చేదై ఉండాలి. డేవిస్‌లో ఇల్లు మారేవాళ్లు ఇంటి చిరునామానే ఉంచడం మంచిది.

యూసీలో చేరడానికి అసోసియేట్ డిగ్రీ తప్పనిసరి కాదు. 60 సెమిస్టర్ యూనిట్లు లేదా 90 క్వార్టర్ యూనిట్లు (యూనిట్ అంటే కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్క), అవసరమైన కోర్సులు, గ్రేడ్లు ఉంటే చాలు. అలాగని పిటిషన్ వదిలేయవద్దు. కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌కి 'అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్' చూపించి సీటు తెచ్చుకున్నవాళ్లకైతే ఆ డిగ్రీ పూర్తి కావడమే షరతు. యూసీకి వెళ్లేవాళ్లు మరచిపోయేవి రెండున్నాయి. చివరి ట్రాన్స్‌క్రిప్టు జులై 1లోగా పంపాలి. దానితోపాటు జనరల్ ఎడ్యుకేషన్ (అన్ని మేజర్లకీ ఉమ్మడి కోర్సులు) పూర్తయిందన్న సర్టిఫికేషన్‌ని, అంటే పాత ఐజెట్‌సీని లేదా 2025 ఫాల్ నుంచి కమ్యూనిటీ కాలేజీలో చేరినవాళ్లకి వర్తించే క్యాల్-జెట్‌సీని, విడిగా అడిగి పంపించుకోవాలి. అడగకపోతే రికార్డ్స్ ఆఫీసు చాలాచోట్ల పంపదు. సర్టిఫికేషన్ లేకుండా చేరితే, కొత్త క్యాంపస్ తన సొంత జనరల్ కోర్సులు మళ్లీ చదవమనవచ్చు.

ప్రశ్న: అన్ని యూనిట్లూ ఉన్నాయి, అయినా పిటిషన్ తిరస్కరించారు. 'రిక్వైర్‌మెంట్స్ నాట్ మెట్' అని ఒక్క లైను మెయిల్ వచ్చింది. ఎక్కడ చూడాలి?
— ఒక విద్యార్థి, శాన్ హోసే

జవాబు: మొత్తం 60 అయినంత మాత్రాన డిగ్రీ అయినట్టు కాదు. ఆ 60 ఎక్కడ చదివారు, ఏ ఖానాలో పడ్డాయి, ఏ గ్రేడుతో వచ్చాయి అన్నది కూడా చూస్తారు. డిగ్రీ ఆడిట్ (ఏ షరతు పూర్తయింది, ఏది మిగిలింది అని చూపే జాబితా) తీసి ఈ వరసలో చూడండి.

ముందుగా ఆ కాలేజీలోనే చదివిన యూనిట్లు లెక్కపెట్టండి. కాలిఫోర్నియాలో కనీసం 12 సెమిస్టర్ యూనిట్లు, క్వార్టర్ కాలేజీలైతే 18, పట్టా ఇచ్చే కాలేజీలోనే అయ్యుండాలి. బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) పిల్లలు ఒక క్లాసు ఇక్కడా, ఇంకో క్లాసు అక్కడా తీసుకుంటుంటారు కాబట్టి చిక్కు తరచుగా ఇక్కడే వస్తుంది. అదీ కాకపోతే, పక్క కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు ఈ కాలేజీకి చేరి ఉండదు. ఒకే కాలేజీ డిస్ట్రిక్టు (కాలేజీలని నడిపే స్థానిక పాలక సంస్థ) కింద ఉన్న రెండు కాలేజీలైతే రికార్డులు కలిసే ఉండవచ్చు. డిస్ట్రిక్టు వేరైతే అధికారిక ట్రాన్స్‌క్రిప్టు తెప్పించాల్సిందే. ఏపీ స్కోర్లదీ (హైస్కూల్లో రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల మార్కులదీ) అదే సంగతి: యూనివర్సిటీకి పంపినంత మాత్రాన కమ్యూనిటీ కాలేజీకి వచ్చినట్టు కాదు, ఆ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డు నుంచి దీనికీ పంపించాలి.

తర్వాత మేజర్ (ముఖ్య సబ్జెక్టు) చూడండి. మేజర్లో కనీసం 18 సెమిస్టర్ యూనిట్లు ఉండాలి, ప్రతి కోర్సులోనూ 'సి' లేదా అంతకన్నా మంచి గ్రేడు రావాలి. మొత్తం జీపీఏ (గ్రేడ్ల సగటు) 2.0 ఉన్నా, మేజర్లో ఒక్క 'డి' పడితే పిటిషన్ ఆగిపోతుంది. ఎత్నిక్ స్టడీస్ (అమెరికాలోని జాతుల చరిత్ర, సంస్కృతి గురించిన) కోర్సు కూడా ఈమధ్య చాలామందికి అడ్డు పడుతోంది. అది మీకు వర్తిస్తుందో లేదో మీ కాటలాగ్ సంవత్సరాన్ని, అంటే ఏ ఏడాది డిగ్రీ నిబంధనలు మీకు వర్తిస్తాయన్నదాన్ని, బట్టి ఉంటుంది. మధ్యలో మానకుండా చదివినవాళ్లకి తాము చేరిన ఏడాది కాటలాగ్ ఎంచుకునే హక్కు ఉంటుంది. పిటిషన్‌లో పొరపాటున కొత్త ఏడాది ఎంచుకున్నారేమో చూడండి. ఒక్క గడి మారిస్తే పరిష్కారమైపోయే కేసులూ ఉంటాయి.

ఇండియాలో ఇంటర్ తర్వాత డిగ్రీలో చదివిన కోర్సుల్ని కలుపుకోవాలంటే, కాలేజీ గుర్తించిన సంస్థతో కోర్సువారీ ఎవాల్యుయేషన్ చేయించాలి. యూనివర్సిటీ నుంచి మార్కుల జాబితాలు తెప్పించడానికే నెలలు పట్టవచ్చు కనుక ఆ పని ఆఖరి సెమిస్టర్‌కి వదలకూడదు.

కౌన్సెలర్ దగ్గరికి 'ఎందుకు రాలేదు' అని వెళ్లేకంటే, ఆడిట్‌లో ఎర్రగా ఉన్న లైను ప్రింటు తీసుకుని వెళ్లండి. ఆ ఖానాకి సరిపోయే కోర్సు మీ దగ్గర ఉంటే 'కోర్స్ సబ్‌స్టిట్యూషన్' (ఒక కోర్సు బదులు ఇంకోటి లెక్కించమనే) ఫారం అడగండి.

ప్రశ్న: టెక్సస్‌లో ఉన్నాం. హైస్కూలు సీనియర్ అయిన మా వాడు డ్యూయల్ క్రెడిట్‌తో (హైస్కూలు, కాలేజీ రెండింటికీ లెక్కకొచ్చే కోర్సులతో) అసోసియేట్ డిగ్రీకి దగ్గరలో ఉన్నాడు. హైస్కూలు పూర్తికాకముందే కాలేజీ పట్టా తీసుకోవచ్చా?
— ఒక తండ్రి, ఫ్రిస్కో

జవాబు: తీసుకోవచ్చు. కాలేజీ సభ మే నెల మధ్యలో, హైస్కూలు సభ ఆ తర్వాత రావడం మామూలే. కోర్ కరికులమ్ (అందరికీ ఉమ్మడి కోర్సులు) 42 క్రెడిట్ గంటలు పూర్తయిందా, అందులో అమెరికా చరిత్ర 6 గంటలు, ప్రభుత్వం 6 గంటలు ఉన్నాయా చూడండి. మొత్తం గంటల్లో 25 శాతం, అంటే 60లో 15, ఆ కాలేజీలోనే చదివి ఉండాలి. ఏపీలతో ఎక్కువ గంటలు నింపిన పిల్లలకి తక్కువ పడేది ఇదే. దరఖాస్తు మాత్రం హైస్కూలు కౌన్సెలర్ పెడతారులే అనుకోకండి, అబ్బాయే కాలేజీ పోర్టల్లో పెట్టాలి.

ప్రశ్న: మా మనవడు రెండేళ్ల కోర్సు పూర్తి చేశాడు. దీనికి స్నాతకోత్సవం అంటున్నారు. రెండేళ్ల చదువుకి అంత సంబరం అవసరమా?
— ఒక తాతగారు, గుంటూరు

జవాబు: అవసరమే అంటాం, తాతగారూ. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1901లో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీ దగ్గర్నుంచి ఈ కాలేజీల ఉద్దేశం ఒకటే: ఊరు దాటకుండా, తక్కువ ఖర్చుతో పై చదువు. ఒక్క కాలిఫోర్నియాలోనే 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. మీ మనవడి పక్క కుర్చీలో రాత్రి షిఫ్టులు చేస్తూ ఆరేళ్లకి పూర్తి చేసినవాళ్లు, తమ పిల్లలు చప్పట్లు కొడుతుంటే నడిచే తల్లులు, ఇంట్లో మొదటిసారి కాలేజీ చూసినవాళ్లు ఉంటారు. అంత రకరకాల మనుషులు ఒకే వరసలో నడిచే సభ పెద్ద యూనివర్సిటీల్లో కూడా అరుదు. మన ఇళ్లలో 'అసలు డిగ్రీ నాలుగేళ్లకి కదా, అప్పుడు చూద్దాం' అనే మాట పిల్లల్ని చిన్నబుచ్చుతుంది. రాలేకపోతే లైవ్‌లో చూడండి. చాలా కాలేజీలు యూట్యూబ్‌లో పెడతాయి. కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరింటికి మొదలైతే మీకు మర్నాడు ఉదయం ఆరున్నర.

ప్రశ్న: సభలో నా పేరు సరిగ్గా చదివించుకోవడం ఎలా? పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంది, పేరులో మూడు ముక్కలు ఉన్నాయి.
— ఒక విద్యార్థిని, ప్లేనో

జవాబు: పేరు చదివేవాళ్లు మీ కార్డు చూసేది రెండు మూడు సెకన్లే. కాలేజీ పేరు రికార్డు చేసే లింకు పంపితే తప్పకుండా వాడండి. మామూలు వేగం కంటే కొంచెం నిదానంగా, పేరు, ఇంటిపేరు మధ్య చిన్న విరామంతో చెప్పండి. కార్డు రాయమంటే ఉచ్చారణని ముక్కలుగా విడదీసి మధ్యలో గీతలు పెట్టి, నొక్కి పలకాల్సిన ముక్క పెద్ద అక్షరాల్లో రాయండి.

మనవాళ్ల దగ్గర జరిగే పొరపాటు 'త' దగ్గర. మనం 'త'ని టి, హెచ్ కలిపి రాస్తాం. అమెరికన్ దాన్ని నాలుక పళ్ల మధ్య పెట్టి పలుకుతాడు. లత 'లథ' అవుతుంది, హర్షిత 'హర్షిథ' అవుతుంది. ఉచ్చారణ గడిలో హెచ్ తీసేసి ఒక్క 'టి' రాయండి. 'ట'లా వినిపించినా అసలు పేరుకి అదే దగ్గర. 'సాయి'ని ఎస్-ఏ-ఐ అని రాస్తే 'సే' అంటారు. ఎస్-ఐ-జి-హెచ్ అని రాస్తే సరిగ్గా వస్తుంది. మూడు ముక్కలూ చదవాలని పట్టుబట్టకండి. ఇంట్లో పిలిచే ముక్క, ఇంటిపేరు చాలు.

డిప్లొమా మీద పేరు మాత్రం వేరే విషయం. చదివే పేరు మీ ఇష్టం, అచ్చులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే వేయించమని మా సలహా. రేపు అపోస్టిల్ (విదేశంలో చెల్లేలా ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించి ఇండియాలో చూపించాల్సి వస్తే తేడా పేరుతో తిప్పలు పడాలి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి కాలేజీ రికార్డులో 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) పడినవాళ్లు కనీసం నెల ముందే రికార్డ్స్ ఆఫీసుకి చెప్పాలి, లేకపోతే వేదిక మీద ఆ మూడు అక్షరాలే వినిపిస్తాయి. ఇంకో మాట: గోప్యత కోసం 'డైరెక్టరీ ఇన్ఫర్మేషన్' (కాలేజీ బయటికి చెప్పగల పేరు వగైరా వివరాలు) ఆపించినవాళ్ల పేరు కరపత్రంలో అచ్చు కాదు. అచ్చవ్వాలంటే ముందు ఆ ఆపుదల తీయించాలి.

ప్రశ్న: గౌను కింద పట్టుచీర కట్టుకోవచ్చా? జడలో పూలు పెట్టుకుంటే టోపీ నిలుస్తుందా?
— ఒక విద్యార్థిని, సనీవేల్

జవాబు: కట్టుకోవచ్చు, గౌను కింద నుంచి కంచిపట్టు అంచు కనిపిస్తే అందమే. గౌను పాలిస్టర్, గాలి ఆడదు. బరువైన పట్టు కంటే తేలికపాటి పట్టు గానీ మంగళగిరి చీర గానీ నయం. పైట కుచ్చిళ్లు సన్నగా మడిచి భుజం మీద చదునుగా పిన్ను పెట్టకపోతే గౌను ఒకవైపు ఎత్తుగా లేస్తుంది. సభ ఫుట్‌బాల్ మైదానంలో అయితే సన్న మడమల చెప్పులు గడ్డిలో దిగబడతాయి, వెడల్పు మడమవి వేసుకోండి. గౌను సైజు ఎత్తుని బట్టి ఇస్తారు కనుక ఆ చెప్పులతో ఉన్న ఎత్తే చెప్పండి.

టోపీ పలక నేలకి సమాంతరంగా, కనుబొమల మీద వేలు వెడల్పు పైన ఉండాలి. ముడి ఎత్తుగా వేస్తే వెనక లేచి నుదుటి మీదకి జారుతుంది. జడ కిందకి అల్లి, పూలదండ టోపీ అంచు కంటే దిగువన పెట్టండి. రెండు వైపులా రెండేసి హెయిర్‌పిన్నులు చాలు. గౌను వచ్చిన రోజే హ్యాంగర్‌కి తగిలించండి. వేడి ఇస్త్రీ తగిలితే పాలిస్టర్ మెరిసిపోతుంది లేదా కరుగుతుంది, తిరగేసి, పలచటి గుడ్డ అడ్డం పెట్టి, తక్కువ వేడితో చేయాలి. టోపీ కుచ్చు మొదట కుడివైపు ఉంటుంది, వేదిక మీది నుంచి చెప్పినప్పుడు అందరూ ఎడమకి మారుస్తారు. ఫై థీటా కప్పా (రెండేళ్ల కాలేజీల ప్రతిభావంతుల సంఘం) సభ్యులు వేసుకునే శాలువా జారకుండా గౌను లోపలి నుంచి రెండు పిన్నీసులు పెట్టుకోండి.

ప్రశ్న: ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదువుతున్నాను. మా సభ జూన్ చివర్లో. అది అయ్యాక ఓపీటీకి (చదువు తర్వాత కొంతకాలం పని చేసే అనుమతికి) అప్లై చేద్దామనుకుంటున్నాను. సరేనా?
— ఒక విద్యార్థి, సియాటిల్

జవాబు: సభ తేదీని లెక్కలోంచి తీసేయండి. ఐ-20 (కాలేజీ ఇచ్చే వీసా పత్రం) మీద ఉన్న ప్రోగ్రామ్ ముగింపు తేదీయే లెక్క. ఇప్పటి నిబంధన ప్రకారం ఆ తేదీకి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత వరకు దరఖాస్తు పెట్టవచ్చు, డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) సిఫారసు చేసిన 30 రోజుల్లోగా అది యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా ఇమిగ్రేషన్ శాఖకి) చేరాలి. అసోసియేట్ స్థాయిలో 12 నెలలు వాడుకున్నా, బ్యాచిలర్స్ తర్వాత మళ్లీ 12 నెలలు వస్తాయి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) చదివినవాళ్లకిచ్చే పొడిగింపు మాత్రం అసోసియేట్ డిగ్రీ మీద లేదు. ఓపీటీ వద్దు, నేరుగా యూనివర్సిటీకి వెళ్తానంటే, సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు బదిలీ ఆ 60 రోజుల్లోపే అడగాలి. కొత్త చదువు 5 నెలల్లోగా మొదలవ్వాలి. ఏ దారైనా, ఫైనల్స్‌కి ముందే డీఎస్‌ఓ అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ప్రశ్న: కోడలి గ్రాడ్యుయేషన్‌కి మేమిద్దరం వస్తున్నాం. నాకు మోకాళ్ల నొప్పులు. సభలో ఏమేం చూసుకోవాలి?
— ఒక అత్తగారు, విజయవాడ

జవాబు: కోడలి చేత రెండు మూడు వారాల ముందే 'యాక్సెసిబుల్ సీటింగ్' (నడవడం కష్టమైనవాళ్లకి కేటాయించే సీటు) అడిగించండి. మీతో ఒకరిని కూర్చోనిస్తారు, దగ్గరలో పార్కింగ్ కూడా చూపిస్తారు. స్టేడియం మెట్లకి వెనక ఆనుకునే వీలుండదు కాబట్టి ఆ సీటు లేకపోతే రెండు గంటలు కష్టం. కోడలు గంట, గంటన్నర ముందే వరసలో నిలబడాలి, మీరు వేరే వెళ్లాల్సి ఉంటుంది. చాలా చోట్ల పారదర్శకమైన సంచీనే లోపలికి రానిస్తారు, బెలూన్లు రానివ్వరు. మందులు, మంచినీళ్లు, టోపీ, చిన్న శాలువా ఆ సంచీలోనే పెట్టుకోండి. బే ఏరియాలో ఎండ దిగగానే చలి వేస్తుంది. వేదికకి ఏ వైపు నుంచి ఎక్కుతుందో కోడల్ని అడిగి ఆ వైపే కూర్చోండి. సభ అవగానే అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తారు, నెట్‌వర్క్ అందదు. కాబట్టి ఫలానా గేటు పక్కన కలుద్దామని ఇంట్లోనే అనుకుని బయల్దేరండి.