ఆర్కిటిక్‌లో పిడుగులా? అంత చలిలో ఎలా పడతాయి?

ఆర్కిటిక్‌లో ఉరుములు, మెరుపులు పెరిగాయంటున్నారు, అంత చలిలో అదెలా సాధ్యం, ఎవరైనా కళ్లారా చూశారా అని అడిగారు. నేను చూశాను.

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో చదువుకునేటప్పుడు ఒక జూలైలో మట్టి శాంపిల్స్ కోసం డాల్టన్ హైవే మీద ఉత్తరానికి వెళ్లాం. బ్రూక్స్ పర్వతాలు దాటాక ఒక్క చెట్టు కనిపించదు. అంతా టండ్రా: అడుగు వేస్తే దిగబడే నాచు, దూది కుచ్చులు పూసిన గడ్డి. రాత్రి పది దాటినా ఎండే. ఉన్నట్టుండి మబ్బు కమ్మి ఉరిమింది. ఆ వెలుతురులో మెరుపు సరిగా కనపడలేదు, చప్పుడు మాత్రం గుండెల్లో మోగింది. మా ఊళ్లో అయితే పిడుగు తాటిచెట్టు మీద పడుతుందిలే అన్న ధైర్యం ఉండేది. అక్కడ కనుచూపు మేరలో ఎత్తుగా ఉన్నది మనుషులమే. చిన్నప్పుడు నాయనమ్మ నేర్పిన "అర్జునా ఫల్గుణా" దానంతటదే నోటికొచ్చింది. ట్రక్కులోకి పరుగెత్తి తలుపులు వేసుకున్నాం.

నిజానికి పిడుగుకు చలి అడ్డం కాదు. మబ్బులో మంచు పలుకులు, చిన్న వడగళ్లు రాసుకుంటేనే విద్యుత్తు పుడుతుంది. ఆర్కిటిక్‌లో కొరవడింది కింద నుంచి జోరుగా పైకి లేచే వేడి, తేమ గాలి. ఇప్పుడు అదీ దొరుకుతోంది. 2020 జూన్‌లో సైబీరియాలోని వెర్ఖోయాన్స్క్‌లో 38 డిగ్రీలు నమోదైంది! అంతకు ముందు ఏడాది ఆగస్టులో ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలోనే పిడుగులు పడ్డాయి. కెనడాలోని సాక్స్ హార్బర్ ఊళ్లోని ఇన్యూట్లు (అక్కడి ఆదివాసులు) 1990ల చివర్లోనే చెప్పారు, మునుపు ఎరగని ఉరుములు ఇప్పుడు వింటున్నామని.

అంకెల విషయంలో కాస్త జాగ్రత్త. పిడుగులను పసిగట్టే సెన్సార్లు పెరిగితే లెక్కా పెరుగుతుంది. అందుకే ప్రపంచం మొత్తం పిడుగుల్లో ఆర్కిటిక్ వాటా ఎంతో చూడాలి. 65 డిగ్రీల అక్షాంశానికి ఉత్తరాన వేసవిలో ఆ వాటా 2010 నుంచి 2020కి దాదాపు మూడు రెట్లయిందని 2021లో ఒక అధ్యయనం తేల్చింది. దానిమీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన నడుస్తోంది.

నాకు అసలు భయం ఆ నేలను చూస్తే. ఆ రోజు పార దించితే పైన పచ్చటి నాచు, దాని కింద కొబ్బరి పీచులాంటి గోధుమరంగు పొర, మోచేతి లోతు దాటగానే పార ఖణేల్‌మంది: గడ్డకట్టిన నేల. ఆ పీచంతా వేల ఏళ్లుగా కుళ్లకుండా నిలిచిన మొక్కలే, అంటే కాలితే గాలిలో కలిసే కార్బనే. 2007 జూలైలో అలాస్కా ఉత్తరాన అనక్టువుక్ నది దగ్గర పిడుగు పడి అంటుకున్న మంట, దాలిలో పిడకలా లోలోపల రాజుకుంటూ, సెప్టెంబరులో ఒక్కసారిగా ఎగిసింది. సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్ల టండ్రా కాలిపోయింది. పైనున్న నాచు దుప్పటి పోతే కింది మంచుకు ఎండ వేడి తగులుతుంది, నేల కరిగి కుంగుతుంది. మేం తవ్విన ఆ చిన్న గుంటలో కూడా, శాంపిల్ తీసి డబ్బాకు మూత పెట్టేలోపే అడుగున నీళ్లు ఊరాయి.