ఈసీజీ నార్మల్ అన్నారు, కానీ గుండె దడ ఆగడం లేదు. ఇది టెన్షనేనా?

మీరు అడిగింది ఇది: అమ్మగారికి అప్పుడప్పుడు ఉన్నట్టుండి గుండె దడ వస్తోంది, ఆస్పత్రికి చేరేసరికి తగ్గిపోతోంది, ఈసీజీ నార్మల్ వచ్చింది, "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు, ఇక వదిలేయవచ్చా అని. వదిలేయకండి. నేను డాక్టర్ని కాను. ఇదే దడతో ఏళ్ల తరబడి వేగినదాన్ని, ఇదే మాట విని విని విసిగిపోయినదాన్ని.

ఈసీజీ కాగితం మీదికి ఎక్కేది మామూలుగా పది సెకన్ల గుండె మాత్రమే. మనిషి గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. ఆ పది సెకన్లలో దొరికేవి పన్నెండో పదిహేనో. అవి బాగున్నాయి కాబట్టి మిగతావన్నీ బాగున్నట్టేనని ఎలా తేల్చేస్తారు? దొంగ వెళ్లిపోయాక వచ్చి ఇల్లంతా వెతికితే దొంగ లేడనే తేలుతుంది. పాత గుండెపోటు గుర్తులు, పుట్టుకతో వచ్చిన కొన్ని లోపాల గుర్తులు ఉంటే దడ లేనప్పుడు తీసిన ఈసీజీలో కూడా కనిపించవచ్చు. కానీ వచ్చిపోయే దడ సంగతి అది వచ్చినప్పుడు తీస్తేనే తెలుస్తుంది.

నా దడ ఒక్క క్షణంలో మొదలయ్యేది, ఒక్క క్షణంలో ఆగేది. కూర్చుని ఏదో చదువుకుంటూ ఉంటాను, కిందపడ్డ పెన్ను కోసం వంగుతాను, అంతే. మెడ దగ్గర టపటపా కొట్టుకోవడం నాకే కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్లకు కూడా కనిపించేది. కాసేపటికి దానంతట అదే ఆగేది. ఆగాక గంట సేపు మాటిమాటికీ మూత్రం వచ్చేది. మెడ కొట్టుకోవడం, ఆ తర్వాత మూత్రం రావడం, రెండూ ఈ రకం దడకు ఆనవాళ్లేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అన్నాళ్లూ ఏ డాక్టరూ వాటి గురించి నన్ను అడగలేదు. "ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా? నిద్ర పడుతోందా?" ఇవే ప్రశ్నలు. ఆడమనిషి దడ అనగానే టెన్షన్ అనేస్తారు. ఒకాయన నా ముందే మా ఆయనతో, "ఆవిడను కాస్త సంతోషంగా ఉంచండి" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. దడ వల్ల నాకు టెన్షన్ వచ్చిన మాట నిజమే, టెన్షన్ వల్ల దడ రాలేదు. ఈ రెంటికీ తేడా కనుక్కోవడం అంత కష్టమేమీ కాదు. కంగారు వల్ల వచ్చే దడ మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. నాలాంటివాళ్ల దడకు మధ్య మెట్లు ఉండవు, డెబ్బై నుంచి ఒక్కసారిగా నూట తొంభైకి వెళ్లిపోతుంది.

ఒక రాత్రి అది ఎంతకీ ఆగలేదు. మా ఆయన ఊళ్లో లేరు, తమ్ముడు కారులో క్యాజువాలిటీకి తీసుకెళ్లాడు. మానిటర్ మీద అంకె 196 దగ్గర నిలబడిపోయింది. ఛాతీ బిగిసినట్టుంది, కళ్లు తిరుగుతున్నాయి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయి నాకంటే చాలా చిన్నది. వచ్చీ రాగానే ఆమె చేసిన మొదటి పని పూర్తి ఈసీజీ తీయించడం. "మందు ఇచ్చేలోపు ఇది చేతిలో ఉండాలి" అంది నర్సుతో. ఆ ఒక్క మాటకు ఆ అమ్మాయికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

తర్వాత నా చేతికి ఒక ఖాళీ సిరంజి ఇచ్చి, "ఆంటీ, దీంట్లోకి బలంగా ఊదండి, లోపలి పిస్టన్ కొద్దిగా కదలాలి, పదిహేను సెకన్లు ఊదండి" అంది. ఊదడం అవ్వగానే నన్ను వెల్లకిలా పడుకోబెట్టి రెండు కాళ్లూ పైకెత్తి పట్టుకున్నారు. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ ఇది పరీక్షించి చూసిన వైద్యమే. 2015లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధనలో, మామూలుగా కూర్చుని ఊదినవాళ్లలో నూటికి 17 మందికి దడ ఆగితే, ఇలా పడుకోబెట్టి కాళ్లెత్తినవాళ్లలో 43 మందికి ఆగింది. పైసా ఖర్చులేని పద్ధతి. నాకు మాత్రం ఆగలేదు.

అప్పుడు అడినోసిన్ ఇంజెక్షన్. ఈ మందు రక్తంలో పది సెకన్లు కూడా పూర్తిగా నిలవదు, సగం అంతకంటే ముందే విరిగిపోతుంది. అందుకే మోచేతి మడత దగ్గర పెద్ద నరం చూసి సూది పెట్టారు. ఒకరు మందు ఎక్కించగానే మరొకరు వెంటనే సెలైన్ తోసి నా చెయ్యి పైకెత్తారు. ముందే చెప్పింది ఆ అమ్మాయి: "కొన్ని సెకన్లు చాలా భయంగా ఉంటుంది ఆంటీ. ప్రాణం పోతోందనిపిస్తుంది. పోదు. నేను ఇక్కడే ఉంటాను." చెప్పినట్టే జరిగింది. ముఖమంతా వేడి ఆవిరి కమ్మింది, ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి అదిమారు, ఇక అయిపోయింది అనిపించింది. మానిటర్ మీద గీత కొట్టుకోకుండా అలా సాగిపోతుంటే తమ్ముడు "అక్కా!" అని అరవడం వినిపించింది. అంతలోనే ఒక దెబ్బ. కాస్త ఆగి ఇంకోటి. ఆ తర్వాత వరసగా, నిదానంగా, 88. నా గుండె అంత ప్రశాంతంగా కొట్టుకోవడం నాకు ఎప్పుడూ అంత ఇదిగా తెలియలేదు.

ఆమె ఆ ఈసీజీ కాగితం నా చేతిలో పెట్టి, "ఇది పారేయకండి. మీ జబ్బు ఇందులో ఉంది" అంది. జబ్బు పేరు సుప్రావెంట్రిక్యులర్ టాకీకార్డియా, పొట్టిగా ఎస్‌వీటీ.

అది ఏమిటో తెలియాలంటే గుండెలో కరెంటు ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి. కుడివైపు పై గదిలో సైనస్ నోడ్ అని చిన్న కణాల గుంపు ఉంటుంది. కూర్చుని ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు అదే కరెంటు పుట్టిస్తుంది, మెదడు చెప్పకపోయినా సరే. ఆ కరెంటు పై గదులను ముడిచి, పై గదులకూ కింది గదులకూ మధ్యలో ఉండే ఏవీ నోడ్ అనే చోట సెకనులో సుమారు పదో వంతు ఆగుతుంది. ఆ కాస్త ఆలస్యం లేకపోతే పై గదుల్లోని రక్తం కిందికి పూర్తిగా దిగకముందే కింది గదులు ముడుచుకుంటాయి. ఈ ఏవీ నోడ్‌ను కనిపెట్టినది తవారా అనే జపాన్ డాక్టర్, జర్మనీలో పనిచేస్తూ 1906లో. నాలాంటి కొందరికి ఆ నోడ్ దగ్గర ఒకటి నెమ్మదిది, ఒకటి వేగమైనది, రెండు దారులు ఉంటాయి. ఎప్పుడైనా ఒక బీటు వేళకాని వేళ వస్తే కరెంటు ఒక దారిలో దిగి రెండో దారిలో పైకెక్కి అక్కడక్కడే తిరగడం మొదలుపెడుతుంది. తిరిగిన ప్రతిసారీ ఒక బీటు. పై గదులు, కింది గదులు ఒకేసారి ముడుచుకుంటాయి కాబట్టి పై గదుల నుంచి కిందికి దారిచ్చే వాల్వులు అప్పటికి మూసుకునే ఉంటాయి, రక్తం మెడ నరాల్లోకి ఎదురు తన్నుతుంది. మెడ టపటపలాడేది అందుకే. అడినోసిన్ ఏవీ నోడ్‌ను కొన్ని క్షణాలు ఆపుతుంది, ఆ తిరుగుడు తెగిపోతుంది. ఛాతీ బిగియడానికీ కారణం ఉంది: గుండె కండరానికి, ముఖ్యంగా ఎడమ కింది గదికి, రక్తం ఎక్కువగా అందేది బీటుకీ బీటుకీ మధ్య విరామంలోనే. 196లో ఆ విరామం ఇక ఎంత మిగులుతుంది?

ఆ తర్వాత అబ్లేషన్ చేయించుకున్నాను. తొడ దగ్గర సిర గుండా సన్నటి వైర్లు గుండెలోకి పంపుతారు. నేను మెలకువగానే ఉన్నాను, ఏ కంగారూ లేదు. వైరు ద్వారా వాళ్లే ఒకటి రెండు అదనపు బీట్లు ఇచ్చారు, నా పాత దడ ఉన్నదున్నట్టు మొదలైంది. "మీరు చెప్పే దడ ఇదేనా అమ్మా?" అని అడిగారు. "ఇదే, ఇదే" అన్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నేళ్లు నా మనసులో ఉందన్నది వాళ్లు వైరుతో పుట్టించి తెర మీద చూపించారు. ఆ నెమ్మది దారిని రేడియో తరంగాల వేడితో కాల్చేశారు. ఈ రకం దడకు నూటికి తొంభై అయిదు మందికి పైగా దీనితో నయమవుతుంది. పక్కనే ఉన్న ఏవీ నోడ్ దెబ్బతిని పేస్‌మేకర్ అవసరమయ్యే ప్రమాదం కొద్దిగా ఉంది, సంతకం పెట్టేముందు అది అడిగి తెలుసుకోవాలి.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటేనన్నట్టు వార్తల్లో రాస్తారు. గుండెకు రక్తం తెచ్చే ధమని మూసుకుపోతే గుండెపోటు. మనిషి చాలాసార్లు స్పృహలోనే ఉంటాడు, ఆస్పత్రికి చేర్చే సమయం ఉంటుంది. గుండె ఆగిపోతే మనిషి కుప్పకూలతాడు, ఊపిరి ఆడదు. అప్పుడు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కుతూనే ఉండాలి. వీటి మధ్య తేడా తెలియని మెసేజ్‌లే ఫోన్లలో తిరుగుతుంటాయి. "ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గండి" అన్నది వాటిలో ఒకటి. దయచేసి నమ్మకండి. దగ్గితే మూసుకున్న ధమని తెరుచుకోదు, చేతిలో ఉన్న సమయం పోతుంది. గుండెపోటులో కూడా మొదటి ఈసీజీ నార్మల్‌గా ఉండవచ్చు. అందుకే నొప్పి అనుమానంగా ఉంటే మళ్లీ మళ్లీ ఈసీజీ తీస్తారు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ ఎంతుందో చూస్తారు. ఆడవాళ్లలో ఛాతీ నొప్పితో పాటు దవడ నొప్పి, వీపు నొప్పి, ఆయాసం, వికారం ఎక్కువగా కనిపిస్తాయి. వాటినీ గ్యాస్ అని, టెన్షన్ అని తోసేస్తారు. నా దృష్టిలో టెన్షన్ అనే మాట అన్ని పరీక్షలూ అయిపోయాక చివర్లో చెప్పాల్సింది, మొదట చెప్పాల్సింది కానే కాదు.

ఇక మీ అమ్మగారి సంగతి. వయసెంతో మీరు రాయలేదు. అరవై దాటి ఉంటే ఎస్‌వీటీ కంటే ముందు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందేమో చూడాలి. అందులో పై గదులు ముడుచుకోకుండా వణుకుతాయి, రక్తం అక్కడ నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు వెళితే పక్షవాతం. పక్షవాతం ప్రమాదం దాదాపు అయిదు రెట్లు పెరుగుతుంది, ఎవరికి అవసరమో చూసి రక్తం పలచబడే మందులు ఇస్తారు. ఈసారి దడ వచ్చినప్పుడు మణికట్టు దగ్గర నాడి పట్టుకోండి, గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టండి. వేగం ఎంత, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమానంగా ఉందా లేదా, ఒక్కసారిగా మొదలైందా మెల్లగా పెరిగిందా, ఇవి రాసిపెట్టండి. డాక్టర్‌కు "దడగా ఉంటుంది" అని చెప్పడం వేరు, ఇది చూపించడం వేరు.

హోల్టర్ పెట్టమని మీరే అడగండి. 24 గంటలో 48 గంటలో గుండె కొట్టుకున్నదంతా రికార్డు చేసే చిన్న పెట్టె అది. అమెరికాకు చెందిన నార్మన్ హోల్టర్ మొదట తయారుచేసినప్పుడు వీపున మోయాల్సిన బరువు దాదాపు 38 కిలోలు. ఇప్పుడు చొక్కా లోపల పట్టేస్తుంది. దడ నెలకో రెండు నెలలకో వస్తుంటే హోల్టర్‌లో దొరకదు, వారాల తరబడి ఉంచుకునేవి ఉన్నాయి, చర్మం కింద పెట్టేవీ ఉన్నాయి. ఈసీజీ తీసే చేతి గడియారం ఇంట్లో ఉంటే దడ వచ్చిన క్షణంలోనే పెట్టండి, అది పనికొస్తుంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు, ఎకో అనే గుండె స్కానింగ్ కూడా చేయించండి. రక్తహీనత వల్ల, థైరాయిడ్ ఎక్కువవడం వల్ల కూడా దడ వస్తుంది, వాటికి మందులున్నాయి.

దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం వీటిలో ఏది ఉన్నా ఇంట్లో లెక్కలు వద్దు, వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. దడ నడుస్తుండగానే ఈసీజీ తీయమని అడగండి, కాపీ తీసుకోండి. అక్కడికక్కడే దాన్ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఆ థర్మల్ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి.