యూనిఫాం వదిలేస్తున్న పైలట్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక మాట రాశాను. విమానం పోతే ఇంకోటి కొనొచ్చు గానీ, పదేళ్ళ అనుభవమున్న సైనిక పైలట్ వెళ్ళిపోతే ఆ పదేళ్ళను ఏ దేశమూ కొనలేదని. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. కొందరు ఒప్పుకున్నారు, కొందరు కోప్పడ్డారు. నేను ఇరవై ఒక్క ఏళ్ళు యూనిఫాంలో ఎగిరాను, చివరి ఆరేళ్ళు ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నాను కాబట్టి ఇది నాకు దగ్గరి విషయం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: వేలమందిలో ఒకడిగా ఎంపికై, ప్రజల సొమ్ముతో శిక్షణ తీసుకుని, తీరా పనికొచ్చే వయసుకి ఎయిర్‌లైన్స్‌లో చేరిపోతున్నారు. దీన్ని డబ్బాశ అనక ఇంకేమనాలి?

డబ్బుకి ఇందులో వాటా లేదని నేను అనను. కానీ రాజీనామా కాగితం పట్టుకుని నా ముందు కూర్చున్నవాళ్ళలో ఒక్కరు కూడా జీతంతో మాట మొదలుపెట్టలేదు. ఎక్కువమంది మొదట చెప్పింది "సర్, ఎగరడం తగ్గిపోయింది" అనే.

బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. యుద్ధవిమానం పైలట్ గాల్లో ఉండేది ఒక సార్టీకి, అంటే ఒకసారి ఎగిరి దిగేసరికి, గంటా, గంటన్నర. ఆ గంట కోసం ముందు ప్లానింగ్, బ్రీఫింగ్, దిగాక డీబ్రీఫింగ్. ఎక్కడ ఆలస్యంగా తిరిగాం, ఏ క్షణంలో ఏ మాట రేడియోలో చెప్పలేదు అని నిమిషం నిమిషం విప్పి చూసుకుంటారు, కొన్నిసార్లు ఎగిరిన సమయానికి రెండింతలు పడుతుంది. ఇదంతా వాళ్ళకు ప్రాణం, దీని గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. వాళ్ళను తినేసేది మిగతా పని. కమిటీలు, తనిఖీ నివేదికలు, ఆన్‌లైన్ కోర్సులు, ఎవరో పెద్దాయన వస్తే ఏర్పాట్లు. అమెరికా వైమానిక దళంలో పైలట్లు దీన్ని "క్వీప్" అంటారు. విసుగు ఎంత పాతదైతే దానికంటూ ఒక మాట పుడుతుందో ఆలోచించండి. 2016లో ఆ దళం తనంతట తానే ఈ అదనపు పనులను తగ్గించడానికి పూనుకుంది, అంటే పైవాళ్ళకూ తెలిసిన జబ్బే.

నా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడిని మర్చిపోలేను. రాత్రి తొమ్మిదింటికి స్క్వాడ్రన్‌లో, అంటే మా విమానాల దళం ఆఫీసులో, లైటు వెలుగుతోందని లోపలికి వెళ్ళాను. ఫ్లయింగ్ సూట్ ఇంకా విప్పలేదు, మెడ దగ్గర చెమట ఎండి ఉప్పు చారలు కట్టింది, హెల్మెట్ బ్యాగు కాళ్ళ దగ్గర పడి ఉంది. ఆ మధ్యాహ్నం నాలుగు విమానాలను ముందుండి నడిపించినవాడు, నాకు తెలిసిన మంచి లీడర్లలో ఒకడు, స్క్రీన్ మీద ఫర్నిచర్ లెక్క నింపుతున్నాడు. కుర్చీలు నలభై ఆరు, విరిగినవి రెండు, ఆ రెండూ ఎప్పుడు విరిగాయో, ఎందుకు విరిగాయో ఒక గడి. "ఈ నెల ఏడు గంటలు ఎగిరాను సర్, ఈ కుర్చీల మీద అంతకంటే ఎక్కువే కూర్చున్నాను" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అలసటగా అన్నాడు. నేను భుజం తట్టి వచ్చేశాను. ఆ పని అక్కడికక్కడ ఇంకొకరికి అప్పగించే అధికారం నాకుంది, అయినా అప్పగించలేదు. తొమ్మిది నెలలకు అతను వెళ్ళిపోయాడు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకోటి, పైకి ఎదిగేకొద్దీ కాక్‌పిట్ దూరమవుతుంది. బాగా ఎగిరావు కాబట్టి ప్రమోషన్, ప్రమోషన్ వచ్చింది కాబట్టి హెడ్‌క్వార్టర్స్‌లో బల్ల. ఆ బల్ల ఇష్టపడేవాళ్ళు ఉంటారు, దళానికి వాళ్ళూ కావాలి. కానీ ఎగరడం కోసమే వచ్చినవాడికి అది శిక్షలా తోస్తుంది. బడ్జెట్ కోతలు దీనికి తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. 2013లో అమెరికాలో ఖర్చుల కోత వచ్చినప్పుడు 17 యుద్ధ స్క్వాడ్రన్లను కొన్నాళ్ళు నేల మీదే ఆపేశారు. పైలట్లు ఉన్నారు, విమానాలు ఉన్నాయి, ఎగరడానికి డబ్బు లేదు. అలాంటి ఖాళీ రోజుల్లోనే మనిషి మొదటిసారి బయటి ఉద్యోగాల వైపు చూస్తాడు.

ప్రశ్న: అమెరికా లాంటి చోట్ల ఇరవై ఏళ్ళు చేస్తే పెన్షన్ వస్తుంది కదా. సగం దారిలో, పదకొండు పన్నెండేళ్ళకే ఎందుకు దిగిపోతారు? కొంచెం ఓపిక పడితే రెండూ దక్కుతాయి కదా?

మంచి ప్రశ్న. దీనికి జవాబు ఎయిర్‌లైన్స్ సీనియారిటీ పద్ధతిలో ఉంది, అది అర్థమైతే సగం విషయం అర్థమైనట్టే.

అమెరికాలోని పెద్ద ఎయిర్‌లైన్స్‌లో ప్రతి పైలట్‌కీ ఒక నంబర్ ఉంటుంది. అది మీ ప్రతిభను బట్టి రాదు, మీరు చేరిన తేదీని బట్టి వస్తుంది. ఏ ఊరినుంచి ఎగరాలి, ఏ విమానం, పండగకి ఇంట్లో ఉంటారా లేదా, ఎప్పటికి కెప్టెన్ అవుతారు, అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. యుద్ధంలో స్క్వాడ్రన్‌ని నడిపినా సరే, చేరిన రోజు మీరు లైన్లో అందరికంటే చివర. పైగా అరవై అయిదు నిండితే ఎయిర్‌లైన్ కాక్‌పిట్‌లో కూర్చోనివ్వరు.

ఇప్పుడు లెక్క వేయండి. అమెరికా వైమానిక దళంలో శిక్షణ ముగిశాక పదేళ్ళ బాండ్. అంటే బాండ్ తీరేసరికి ముప్ఫై నాలుగో ముప్ఫై అయిదో. అప్పుడు వెళ్తే ఎయిర్‌లైన్స్‌లో ముప్ఫై ఏళ్ళ కెరీర్. ఇరవై ఏళ్ళు పూర్తి చేసి నలభై నాలుగుకి వెళ్తే ఇరవై ఒక్క ఏళ్ళే. ఈ పోయిన తొమ్మిది, పదేళ్ళు ఎక్కడివి అనుకుంటున్నారు? మొదట్లో తక్కువ జీతంతో కో-పైలట్‌గా ఉండే ఏళ్ళు కావు, అవి ఎవరికైనా తప్పవు. పోయేది చివరి పదేళ్ళు, పెద్ద విమానం కెప్టెన్‌గా అన్నింటికంటే ఎక్కువ సంపాదించే ఏళ్ళు. పైగా నియామకాలు జోరుగా ఉన్న సంవత్సరంలో ఒక్క ఆరు నెలలు ఆగితే మీ ముందు వందలమంది చేరిపోతారు, వాళ్ళు రిటైరయ్యేదాకా మీ ముందే ఉంటారు. అందుకే నిన్న వెళ్ళిన స్నేహితుడు ఫోన్ చేసి "ఎప్పుడొస్తున్నావు" అని కాదు, "ఇంకా ఎందుకు ఆగావు" అని అడుగుతాడు.

తలుపు కూడా తెరిచే ఉంది. 2009లో అమెరికాలో జరిగిన ఒక విమాన ప్రమాదం తర్వాత నిబంధనలు కఠినం చేసి, ఎయిర్‌లైన్ పైలట్‌కి 1,500 గంటల అనుభవం ఉండాలన్నారు. సైనిక పైలట్‌కి 750 చాలు. పదేళ్ళు ఎగిరినవాడికి అదొక లెక్క కాదు. ఇక పెన్షన్ సంగతి. పాత పద్ధతిలో ఇరవై ఏళ్ళకు ఒక్క రోజు తగ్గినా ఏమీ రాదు, ఆ భయమే చాలామందిని ఆపేది. 2018 నుంచి అక్కడ కొత్త పద్ధతి వచ్చింది, మధ్యలో వెళ్ళినా పొదుపు ఖాతాలో ప్రభుత్వం వేసిన వాటా వెంట తీసుకుపోవచ్చు. అది న్యాయమైన మార్పే, కాకపోతే ఆ పాత కట్టు వదులైంది.

2020లో కరోనా వచ్చి ఎయిర్‌లైన్స్ నియామకాలు ఆపేస్తే సైన్యంలో రాజీనామాలు కూడా నెమ్మదించాయి. కొంతమంది అధికారులు సమస్య సర్దుకుందనుకున్నారు. అది సర్దుకోవడం కాదు, తలుపు కాసేపు మూసుకోవడం.

ప్రశ్న: ఇంత ఖర్చు పెడుతున్నప్పుడు బాండ్ పదిహేనేళ్ళు చేస్తే పోలా? లేదా వెళ్ళేవాళ్ళను వెళ్ళనిచ్చి కొత్తవాళ్ళను ఎక్కువమందిని తయారుచేసుకోవచ్చు కదా?

రెండూ కాగితం మీద బాగుంటాయి.

బాండ్ పెంచితే ఇవాళ ఉన్నవాళ్ళకు వర్తించదు, రేపు చేరబోయేవాళ్ళకే వర్తిస్తుంది. వాళ్ళు చేరేముందే ఆలోచిస్తారు. పోనీ ఉన్నవాళ్ళ మీదే బిగిస్తే ఏమవుతుందో 2023లో అమెరికా సైన్యంలో చూశాం. హెలికాప్టర్లు నడిపే 600 మందికి పైగా అధికారులకు, మీరు చేరేటప్పుడు ఒప్పుకున్న అదనపు మూడేళ్ళు బాండ్‌లో కలిసిపోవు, బాండ్ అయ్యాక విడిగా చెయ్యాల్సిందే అని చెప్పారు. అంతకుముందు వాళ్ళకు వేరేలా చెప్పారని వాళ్ళ వాదన, కొందరు కోర్టుకి కూడా వెళ్ళారు. పెళ్ళిళ్ళు, పిల్లల చదువులు, భార్యల ఉద్యోగాలు అన్నీ ఆ తేదీని నమ్ముకుని పెట్టుకున్నవి. చట్టప్రకారం ఎవరిది ఒప్పు అన్నది పక్కన పెట్టండి. ఆ వార్త చదివిన ప్రతి కుర్ర పైలట్ ఆ రాత్రే తన ఫైలు తీసి తేదీలు చూసుకుని ఉంటాడు, నేనైతే చూసుకునేవాణ్ణి.

కొత్తవాళ్ళ విషయానికొస్తే, 2019లో అమెరికాలోని ర్యాండ్ పరిశోధన సంస్థ లెక్కగట్టింది. ఎఫ్-16 యుద్ధవిమానం పైలట్‌ను ప్రాథమిక అర్హత దాకా తేవడానికే సుమారు 56 లక్షల డాలర్లు, ఎఫ్-22కైతే కోటీ 9 లక్షలు, సి-17 రవాణా విమానానికి 11 లక్షలు. శిక్షణ పెంచడం కన్నా ఉన్నవాళ్ళకు ఎక్కువిచ్చి ఆపుకోవడమే చవక అని కూడా తేల్చింది. నాకు డబ్బు కంటే ముఖ్యమనిపించేది ఇంకోటి ఉంది. కొత్త పైలట్ స్క్వాడ్రన్‌కి వచ్చాక అతని పక్కన ఎగరడానికి పాతవాడు ఉండాలి. ఒక్కో పాతవాడు ఇంతమందికే నేర్పగలడు, రోజుకి ఇన్ని విమానాలే లేస్తాయి. పాతవాళ్ళు తగ్గితే ఉన్నవాళ్ళ మీద భారం పెరుగుతుంది, భారం పెరిగితే వాళ్ళూ వెళ్తారు, కొత్తవాళ్ళు సరిగ్గా తయారవ్వరు. అప్పుడు పైలట్ల లెక్క నిండుగా కనిపిస్తుంది, కానీ నలుగురిని ముందుండి నడిపించి వెనక్కి తెచ్చేవాడు ఉండడు. 2017లో అమెరికాలో వెయ్యిమంది దాకా రిటైరైన పైలట్లను వెనక్కి పిలిచే అధికారం ఇస్తూ ఉత్తర్వు వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా పోయిందో చూడండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది.

ఉండిపోయేవాళ్ళకు బోనస్ ఇవ్వొద్దని నేననను. అమెరికాలో ఏడాదికి 35,000 డాలర్లుండే గరిష్ఠ పరిమితిని తర్వాత 50,000 దాకా పెంచారు. కానీ నేను చూసినంతవరకు బోనస్ ఎటూ తేల్చుకోలేనివాడిని ఇటు లాగుతుంది, తేల్చుకున్నవాడిని ఆపదు. ఆ 50,000తో పాటు వాళ్ళు ఇంకోటి కూడా ప్రయోగంగా పెట్టారు, ఉండిపోయేవాడు కోరుకున్న పోస్టింగ్ ఇవ్వడం. నన్నడిగితే ఆ రెండోదే అసలైన బోనస్.

ప్రశ్న: మా ఆయన సైనిక పైలట్. పదకొండేళ్ళలో అయిదు ట్రాన్స్‌ఫర్లు. నేను రెండు ఉద్యోగాలు వదులుకున్నాను. వచ్చే ఏడాది బాండ్ అయిపోతుంది. ఆయన "నీ ఇష్టం" అంటున్నారు. నా వల్ల ఆయన మానేశారన్న మాట పడలేను, అలాగని ఉండిపొమ్మని మనస్ఫూర్తిగా అనలేకపోతున్నాను.

అమ్మా, ముందు ఒక మాట. మీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను, ఎందుకంటే మా ఇంట్లోనూ ఇదే జరిగింది, నేను కూడా "నీ ఇష్టం" అనే అన్నాను. అది ప్రేమతో అన్న మాటే, కానీ బరువంతా అవతలివాళ్ళ నెత్తిన పెట్టే మాట. ఆయన్ని కూర్చోబెట్టి ఆ మాట వెనక్కి తీసుకోమనండి. "రేపటినుంచి ఎగరకపోతే నీకేమవుతుంది?" అని అడగండి. కొంతమంది రెండు నిమిషాలు మాట్లాడలేరు. కొంతమంది తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. ఆయన ఎవరో మీకు అక్కడే తెలుస్తుంది. మీ వైపు కూడా అలాగే చెప్పండి, మూడో ఉద్యోగం వదులుకోలేనని చెప్పడంలో తప్పేమీ లేదు. ఇక మీ దేశంలో రిజర్వ్ దళం ఉంటే దాని గురించి తప్పకుండా కనుక్కోండి. ఎయిర్‌లైన్స్‌లో చేరి, నెలలో కొన్ని రోజులు యూనిఫాంలో ఎగిరేవాళ్ళు అమెరికాలో చాలామందే ఉన్నారు. ఒకే ఊళ్ళో ఇల్లు, ఇష్టమైన పని కొంత, రెండూ మిగులుతాయి. వెళ్ళినా ఉన్నా, "ఆవిడ వల్లే" అని అనేవాళ్ళుంటే, ఆ పదకొండేళ్ళు ఆయన ఎగిరింది కూడా మీ వల్లేనని ఆయనే అందరి ముందూ చెప్పాలి.

ప్రశ్న: ఈమధ్యే స్క్వాడ్రన్ బాధ్యతలు తీసుకున్నాను. జీతాలు, పోస్టింగులు నా చేతిలో లేవు. ముగ్గురు మంచి ఇన్‌స్ట్రక్టర్లు ఏడాదిలో వెళ్ళేలా ఉన్నారు. నేను చెయ్యగలిగింది ఏమైనా ఉందా?

ఉంది తమ్ముడూ. ఆ ముగ్గురి కోసం కొంచెం ఆలస్యమై ఉండొచ్చు, కానీ వాళ్ళ వెనక ఉన్నవాళ్ళకు సమయం ఉంది. మనిషి రాజీనామా రాసేది ఒక రోజులో, నిర్ణయించుకునేది అంతకు రెండేళ్ళ ముందు. కాబట్టి బాండ్ తీరడానికి రెండేళ్ళున్నవాళ్ళను ఒక్కొక్కరిని పిలిచి మాట్లాడండి, ఆఫీసులో కాదు, బయట నడుస్తూ. "నువ్వు దేశానికి అవసరం" అనే మాట వాడొద్దు, వాళ్ళకు తెలుసు. ఏం కావాలో అడగండి, మీ వల్ల కానిది కాదని అక్కడే చెప్పండి. చూద్దాం అని చెప్పి ఆర్నెల్లు నానబెడితే అదే వాళ్ళను పంపించేస్తుంది.

తర్వాత స్క్వాడ్రన్‌లో పైలట్ చేస్తున్న పనులన్నీ ఒక కాగితం మీద రాయించండి. ఎగరడంతో సంబంధం లేని ప్రతిదాని పక్కన, ఇది ఆపేస్తే ఎవరు అడుగుతారో రాయండి. ఎవరూ అడగనివి కొన్ని తప్పకుండా బయటపడతాయి, వాటిని ఆ వారమే ఆపేయండి. మిగిలినవాటికి ఒక్క క్లర్క్ దొరికినా మీకు ఒక పైలట్ దొరికినట్టే, దాని కోసం పైవాళ్ళ దగ్గర మొండిగా ఉండండి.

కాక్‌పిట్ వదలడం ఇష్టం లేనివాళ్ళ కోసం కూడా రాతపూర్వకంగా పైకి అడగండి. ప్రమోషన్ల వెంట పరిగెత్తకుండా ఎగురుతూనే అనుభవానికి తగ్గ జీతం తీసుకునే దారి బ్రిటన్ తన పైలట్లకు పెట్టింది. అమెరికా సైన్యంలో వారెంట్ ఆఫీసర్లు, అంటే ఒకే పనిలో నిపుణులుగా ఉండే అధికారులు, ఏళ్ళ తరబడి హెలికాప్టర్లు నడపడం మీదే ఉంటారు. 2018లో అమెరికా రవాణా దళం కూడా ఎగరడం మాత్రమే చేసే కొద్దిమందితో ప్రయోగం చేసింది. మీ దగ్గర అలాంటిది లేకపోతే, మొదట అడిగినవాళ్ళు మీరవుతారు.

ఆ ముగ్గురిలో ఎవరైనా వెళ్తే ద్రోహిలా చూడొద్దు, చూడనివ్వొద్దు. కాగితం ఇచ్చిన రోజునుంచి రోస్టర్‌లో పేరు కిందకి జారిపోవడం నేను చూశాను, వాళ్ళ చివరి మూడు నెలల్ని మిగిలిన కుర్రాళ్ళందరూ గమనిస్తూనే ఉంటారు. చివరి రోజుదాకా వాళ్ళ చేత నేర్పించండి. ఆఖరి సార్టీకి పక్కన మీరే ఎగరండి, దిగాక రిజర్వ్ దరఖాస్తు నింపి సిద్ధంగా ఉంచండి, సంతకం ఒక్కటే మిగిలేలా.