యుద్ధం అయ్యాక బ్రిటన్‌లో ఊరికో మోటార్ క్లబ్బు: నేను విన్నవి, చూసినవి

"రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఊరూరా మోటార్ రేసింగ్ క్లబ్బులు ఎలా పుట్టుకొచ్చాయి? అదంతా డబ్బున్నవాళ్ళ సరదానేనా? దగ్గరగా చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. నేను చూశాను, కొంత ఆలస్యంగా. 1974లో ఇంగ్లాండ్‌లోని వూస్టర్ దగ్గర ఒక ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగానికి వెళ్ళి, ఒక ముసలి దంపతుల ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్నాను. ఇంటాయన యుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో ఫిట్టర్. ఆయన నన్ను "డాక్" అనేవాడు. నాకు మాత్రం చివరిదాకా పేరు ముందు "మిస్టర్" లేకుండా ఆయన్ని పిలవడానికి నోరు రాలేదు.

ఆయన షెడ్డులో ఆస్టిన్ సెవెన్ అనే ఒక పాత చిన్న కారు ఉండేది. గోడ పొడుగునా బల్లమీద పొగాకు డబ్బాలు, ఒక్కోదాంట్లో ఒక్కో రకం సామాను: నట్లు ఒకదాంట్లో, వాల్వ్ స్ప్రింగులు ఇంకోదాంట్లో, అరిగిపోయినా పారేయని బేరింగులు మరోదాంట్లో. రాత్రి డ్యూటీ లేని రోజుల్లో అక్కడ ఒక స్టూలు మీద కూర్చుని నేను విన్నదే కింద రాసినదాంట్లో సగం.

డబ్బున్నవాళ్ళ ఆట అన్న మాట యుద్ధానికి ముందు చాలావరకు నిజం. బ్రూక్‌లాండ్స్ అనే రేసు ట్రాకు 1939లో మూతపడి మళ్ళీ తెరుచుకోలేదు, 1946లో దాన్ని విమానాల కంపెనీ వికర్స్ కొనేసింది. డోనింగ్టన్ ట్రాకు సైన్యం బండ్లకు డిపో అయిపోయింది. బ్రిటన్ ప్రధాన భూభాగంలో మామూలు రోడ్డు మూసి రేసు పెట్టుకోవడానికి అప్పట్లో చట్టం ఒప్పుకునేది కాదు. అంటే 1945లో కారు, ఉత్సాహం ఉన్నా పరిగెత్తించడానికి చోటు లేదు. చోటు ఇచ్చింది యుద్ధమే. దేశమంతా యుద్ధ విమానాల కోసం వేసిన ఏరోడ్రోములు ఖాళీగా పడి ఉన్నాయి. రన్‌వేల చుట్టూ విమానాలు తిరగడానికి వేసిన కాంక్రీటు రోడ్డు ఉంటుంది చూడండి, అదే ట్రాకు అయింది. 1946 జూన్‌లో గ్రాన్స్‌డెన్ లాడ్జ్ అనే ఏరోడ్రోములో కేంబ్రిడ్జి విద్యార్థుల క్లబ్బు ముందుకొచ్చి రేసు జరిపించింది. 1948లో గుడ్‌వుడ్ ట్రాకు మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో సిల్వర్‌స్టోన్‌లో గడ్డి మోపులు, తాళ్ళు కట్టి గ్రాండ్ ప్రి అనే పెద్ద రేసు జరిపారు. కాజిల్ కూంబ్, స్నెటర్టన్, థ్రక్స్టన్ కూడా అలా వచ్చినవే.

ఈ సంగతి విన్నప్పుడు నాకు వెంటనే షోళవరం గుర్తొచ్చింది. మాది నెల్లూరు. మద్రాసులో చదివే రోజుల్లో గ్రాండ్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు మీద బస్సు దిగి నడుచుకుంటూ వెళ్ళి అక్కడి రేసులు చూసేవాణ్ణి. అదీ యుద్ధకాలపు విమానాల స్ట్రిప్పే. ఆ మాట చెప్పగానే పెద్దాయన చేతిలో స్పానరు కింద పెట్టి, అక్కడ కాంక్రీటు అతుకుల మీద టైర్లు ఎలా కొట్టుకునేవో చెప్పమన్నాడు. ఆ సాయంత్రం నుంచి మా ఇద్దరి మధ్య మొహమాటం పోయింది.

చోటు దొరికినా పెట్రోలు లేదు. రేషను 1950 మే దాకా ఉంది. 1947 చివర్లో సొంత కార్లకిచ్చే మామూలు కోటా పూర్తిగా ఆపేశారు, 1948 వేసవిలో కొంత మళ్ళీ ఇచ్చారు. వ్యాపార బండ్ల పెట్రోలుకు ఎర్ర రంగు కలిపేవారట, సొంత కారులో ఆ రంగు కనిపిస్తే కేసే. బండి తీయడానికి వీల్లేని ఆ నెలల్లోనే తమ క్లబ్బు గట్టిపడిందని పెద్దాయన అనేవాడు. సైకిలు మీదో బస్సులోనో పబ్బుకు చేరి, ఒక గదిలో కూర్చుని కార్బురేటర్ల గురించి వాదించుకునేవారు. కార్యదర్శి సైక్లోస్టైల్ చేసిన రెండు పేజీల పత్రిక నెలనెలా పోస్టులో వచ్చేది. ఆయన వాటిని కట్టలు కట్టి దాచుకున్నాడు, అన్నీ చదివాను. సగానికి పైగా అమ్మకాలు, కావాలి అనే ప్రకటనలే: ఒకరికి గేర్ బాక్సు కావాలి, ఇంకొకరి దగ్గర రెండు చక్రాలు ఎక్కువున్నాయి.

ఇక డబ్బు మాట. ఆస్టిన్ సెవెన్ 747 సీసీ బండి, 1922 నుంచి 1939 దాకా లక్షల్లో తయారైంది. యుద్ధం అయ్యేసరికి పాతసామాను దుకాణాల్లో చవగ్గా దొరికేది. 750 మోటార్ క్లబ్బు అని ఆ బండి అభిమానుల సంఘం ఒకటుంది, 1939లో పుట్టింది. దాన్ని ముందుండి నడిపిన హాలండ్ బర్కెట్ వృత్తికి పశువుల డాక్టరు. వాళ్ళు 1949లో ఒక నిబంధనావళి రాసుకున్నారు: ముఖ్యభాగాలు ఆస్టిన్ సెవెన్‌వే ఉండాలి, మిగతాది నీ తెలివి. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. డబ్బు పెట్టి గెలవడానికి వీల్లేకుండా చేస్తే, బుర్ర పెట్టాల్సిందే.

ఉదాహరణ చెబుతాను. ఆ ఇంజనుకు సిలిండర్లు నాలుగు, కానీ పెట్రోలు కలిసిన గాలి లోపలికెళ్ళే దారులు రెండే. ఒక్కో దారిని రెండేసి సిలిండర్లు పంచుకోవాలి, అందుకని ఒకటి పీల్చుకుంటుంటే పక్కదానికి సరిగా అందదు. 1951లో ఒక కుర్రాడు ఆ దారుల మధ్యలో అడ్డుగోడ పెట్టి రెండింటిని నాలుగు చేశాడు. బండి బ్లాకు మార్చలేదు, రూలు తప్పలేదు. ఆ ఏడాది రేసుల్లో అతన్ని అందుకున్నవాళ్ళు లేరు. తర్వాత క్లబ్బు ఆ కిటుకును నిషేధించింది. ఆ కుర్రాడు తర్వాత లోటస్ కార్ల కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్, ఆ బండి లోటస్ మార్క్ 3. పెద్దాయన పొగాకు డబ్బా మూత వంచి, అడ్డుగోడ ఎక్కడ పెట్టాడో నాకు చూపించాడు.

బ్రిస్టల్ విమానాల కంపెనీ పనివాళ్ళు, వాళ్ళ మిత్రులు ఇంకో దారి పట్టారు: 500 సీసీ మోటార్ సైకిల్ ఇంజనుతో చిన్న రేసు కారు. ఆ ఊపులోనే లండన్ దగ్గర సర్బిటన్‌లో కూపర్లు, తండ్రీ కొడుకులు, 1946లో ఇంజనును డ్రైవరు వెనక పెట్టి ఒకటి కట్టారు. తర్వాత పేరుమోసిన రేసు డ్రైవరు స్టిర్లింగ్ మాస్ 1948లో అలాంటి కారుతోనే మొదలుపెట్టాడు. 1959, 1960ల్లో జాక్ బ్రాభమ్‌ను ఫార్ములా వన్ రేసుల్లో ప్రపంచ ఛాంపియన్‌ను చేసిన కూపర్‌లోనూ ఇంజను వెనకే.

అయితే చాలా క్లబ్బుల్లో నెలనెలా జరిగింది ఇంత పెద్ద రేసింగ్ కాదు, ట్రయల్స్. బురద గుట్ట ఎక్కాలి, ఆగకుండా. వేగంతో పని లేదు. 1976 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పెద్దాయన నన్ను పక్కసీటులో కూర్చోబెట్టుకుని హియర్‌ఫర్డ్‌షైర్ వైపు తీసుకెళ్ళాడు. గుట్ట కింద దిగి వెనక టైర్లలో గాలి చాలావరకు తీసేశాడు, పట్టు దొరకాలని. చక్రాలు జారడం మొదలవగానే "బౌన్స్, డాక్, బౌన్స్!" అని అరిచాడు. సీటు మీద లేచి కూర్చుంటూ వెనక చక్రాల మీద బరువు వెయ్యాలి. బురద నా కళ్ళద్దాల మీద పడింది, ఇంజను మూలిగింది, బండి గజం గజం పాకింది. గుట్ట పొడుగునా నంబర్లు వేసి పాతిన కర్రల్లో ఏడోదాని దగ్గర ఆగిపోయాం.

ఆ కర్ర పక్కన వానలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చేతిలో అట్ట, దానిమీద ప్లాస్టిక్ కవరు, కవరు కింద కాగితం, అట్టకు దారంతో కట్టిన పెన్సిలు. "ఏడు" అని రాసుకుని, తర్వాతి బండికి చెయ్యి ఊపింది. ఉదయం ఏడింటి నుంచి అక్కడే ఉందట. క్లబ్బు మొదలైన ఏడాది నుంచీ ప్రతి ట్రయల్‌కూ వచ్చి అలాగే నిలబడేదని, ఒక్కసారి కూడా పోటీలో బండి నడపలేదని ఇంటికొచ్చేటప్పుడు పెద్దాయన చెప్పాడు. క్లబ్బు గురించి అడిగితే అందరూ డ్రైవర్ల పేర్లు చెబుతారు. నా లెక్కలో మాత్రం క్లబ్బంటే ఆవిడ. టీ పెట్టడం, మార్కులు కూడటం, ఫలితాలు టైపు చెయ్యడం, మర్నాడు రైతు ఇంటికెళ్ళి గేటు సరిచేసి థాంక్స్ చెప్పడం చేసినవాళ్ళు లేకపోతే ఒక్క బండి కదలదు. అందులో ఎక్కువ భాగం ఆడవాళ్ళ మీదే పడేది, స్టీరింగు మాత్రం మగవాళ్ళ చేతుల్లో ఉండేది. అది అన్యాయమని అప్పుడే అనిపించింది, పెద్దాయనతో అన్నాను కూడా. ఆయన కాదనలేదు.

మధ్యాహ్నం టీ దగ్గర ఆవిడ నా దగ్గరికి వచ్చి, "మీరు డాక్టరటగా, వచ్చే నెల మొదటి ఆదివారం డ్యూటీ ఉందా?" అని అడిగింది. లేదన్నాను. ఆ ఆదివారం నుంచి పదకొండేళ్ళు, కుదిరిన ప్రతిసారీ, ఫస్ట్ ఎయిడ్ పెట్టె పక్కన పెట్టుకుని ఏదో ఒక గుట్ట మీద నిలబడ్డాను. పెట్టె తెరవాల్సిన అవసరం తక్కువే వచ్చేది, అందుకని నాకూ ఒక అట్ట, దారం కట్టిన పెన్సిలు ఇచ్చారు.